కుక్కపిల్లల పెంపకము, విక్రయము: రిజిస్ట్రేషన్ నిబంధనలు – కొనుగోలుదారులు తెలుసుకొనవలసిన విషయములు

లాభాపేక్షతో కుక్కపిల్లలను ఉత్పత్తి చేసి విక్రయించు కేంద్రములను నియంత్రించుటకు కేంద్ర పర్యావరణ, అటవీ మరియు వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ 2017 మే 23న ప్రత్యేక నిబంధనలను ప్రకటించినది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టము క్రింద రూపొందించిన ఈ నిబంధనలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములకును వర్తించును. పెట్ షాపుల కొరకు 2018లో వేరుగా నిబంధనలు వెలువడినవి.

ఎవరికి వర్తించును?

జాతి కుక్కలను పెంచి పిల్లలను అమ్మువారికే గాక, మధ్యవర్తులకు, వ్యాపారులకు కూడ ఈ నిబంధనలు వర్తించును. ఇంటి మేడపై రెండు ఆడ కుక్కలను ఉంచి పిల్లలను అమ్ముకొనువారు "మాది చిన్న వ్యాపారము" అని తప్పించుకొనుటకు వీలు లేదు. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇది రెండు సంవత్సరములు చెల్లును; ఇతరులకు బదిలీ చేయరాదు. ధ్రువపత్రమును అందరికీ కనబడునట్లు ప్రదర్శించవలెను.

తల్లి కుక్కకు రక్షణ

అనధికార కేంద్రములలో అధిక బాధకు గురియగునది తల్లి కుక్కయే. విరామము లేక ఈనుటచే అది త్వరలో క్షీణించును. అందుచే 18 మాసములు నిండని, 8 సంవత్సరములు దాటిన ఆడ కుక్కలను సంతానోత్పత్తికి ఉపయోగించరాదు. పన్నెండు మాసములలో ఒక ఈతకు మించరాదు. జీవితకాలములో ఐదు ఈతలకు మించరాదు. డాబర్‌మన్ వంటి జాతులకు అందము కొరకు చెవులు కోయుట, తోక కత్తిరించుట నిషిద్ధము.

విక్రయ నియమములు

ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. తల్లిపాలు, తోడి పిల్లల సాంగత్యము ఈ దశలో అత్యవసరము. విక్రయమునకు ముందు పిల్లకు మైక్రోచిప్ అమర్చవలెను. ఆరు మాసములు దాటిన కుక్కను, మరియొక లైసెన్సు గల పెంపకందారునకు తప్ప, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయకుండ అమ్మరాదు. కొనుగోలుదారునకు రసీదుతో పాటు ఆహారము, టీకాలు, నులిపురుగుల మందు ఇచ్చిన తేదీల వివరములను వ్రాతపూర్వకముగా ఇవ్వవలెను.

రసీదు ఎందులకు?

పార్వో వైరస్ సోకిన పిల్ల కొన్ని దినముల వరకు ఆరోగ్యముగానే కనబడును. ఇంటికి తెచ్చిన పిదప వాంతులు, రక్త విరేచనములు ఆరంభమై తరచు మరణించును. అప్పటికి అమ్మినవాని ఫోను పని చేయదు. పిల్లలు మాత్రము ఖాళీ బుట్ట వద్ద కూర్చుని ఏడ్చెదరు. రసీదు, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నచో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించుటకు ఆధారము లభించును. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము 1915 నంబరును కూడ సంప్రదించవచ్చును.

రేబీస్ టీకా సాధారణముగా మూడు మాసముల వయసులో వేయుదురు. కావున "అన్ని టీకాలు అయినవి" అను మాటతో రెండు మాసముల పిల్లను కొన్నవారు అప్రమత్తులై ఉండవలెను. రేబీస్ లక్షణములు బయటపడిన పిదప దాదాపు ప్రాణాంతకమే.

ఉల్లంఘనలపై చర్య

నిబంధనలను అతిక్రమించిన పెంపకందారుని రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయవచ్చును. జంతువుల పట్ల క్రూరత్వమునకు 1960 చట్టములోని 11వ సెక్షన్ మొదటి నేరమునకు నిర్దేశించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. ఒక జాతి పిల్ల వేల రూపాయలు పలుకు విపణిలో ఈ మొత్తము ఎవరినీ నిలువరింపజాలదు. అందువలన ఈ నిబంధనల అమలు కొనుగోలుదారుని విచక్షణపై అధికముగా ఆధారపడియున్నది.

ప్రజలకు సూచనలు

• రిజిస్ట్రేషన్ ధ్రువపత్రము చూపని వారి వద్ద కొనరాదు.
• పిల్లను దాని తల్లితో పాటు, పెరిగిన స్థలములోనే చూడవలెను. బస్టాండులో, రహదారి ప్రక్కన అప్పగించెదమన్నచో తిరస్కరించవలెను.
• రసీదు, టీకా కార్డు తీసికొని, వెంటనే సమీప పశువైద్యశాలలో పరీక్ష చేయించవలెను.
• అనధికార కేంద్రములపై రాష్ట్ర జంతు సంక్షేమ మండలికి గాని, జిల్లా జంతు హింస నివారణ సంఘమునకు గాని ఫిర్యాదు చేయవచ్చును.

జాలిపడి బలహీనమైన పిల్లను అధిక ధరకు కొనుట వలన ఆ పిల్లకు ఆశ్రయము దొరకవచ్చును. కాని దాని తల్లి మరియొక ఈతకు సిద్ధము చేయబడును. ఈ సంగతిని ప్రజలు గమనించగలరు.