గుండెకండ నష్టమును లెక్కించిన కాగితము

గాలివాన వెలిసిన పిమ్మట కరణముగారు గట్టుమీద నడచుచు, నిలిచిన పైరెంత, శావియైనదెంత యని అజమాయిషీ చేయుట మన పెద్దలెరిగిన పనియే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వెనుక దివిసీమలో అట్టి అంచనాలు వేసినవారును, వేయించుకొన్నవారును నేటికిని గలరు. గుండెకు వచ్చిన ఉప్పెన తరువాత గూడ నిట్టి అంచనా యొకటి కలదు. రొమ్ము కోయకయే, కాగితముపై గీతలను జూచి, గుండెకండలో నెంత చచ్చినదో, ఎంత మిగిలినదో చెప్పు ఆ విద్య యెట్లు పుట్టెనో మనవి చేసెదను.

ఇరువదవ శతాబ్ది మొదట బందరులో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వైద్యము చేయుచుండిరి. ఆనాటి వైద్యునికి వ్రేళ్లు, చెవి, స్టెతస్కోపు, ఇవియే సాధనములు. గుండె చప్పుడు వినబడును గాని, కండ యే మూలను చచ్చినదో వినబడదు. ఆ కాలముననే హాలెండు దేశమున లైడెను పట్టణములో విల్లెం ఐంథోవెన్ అను ఆచార్యుడు గుండెలోని విద్యుత్తును గీతగా వ్రాయించు యంత్రమును నిర్మించెను. ఈయన 1860లో జావా ద్వీపమున జన్మించెను. బందరులో వర్తకశాల పెట్టి మన అద్దకపు గుడ్డలను ఆ దీవులకు ఓడల కెత్తిన వలందావారి దేశస్థుడే యీయన యనుట బందరువారికి ముచ్చటగా నుండవచ్చును.

ఆయనకు ముందే, 1887లో, లండనులో వాలర్ అను వైద్యుడు మనుష్యుని గుండె విద్యుత్తును కనిపెట్టెను గాని ఆ గీత మందమైనది. ఐంథోవెన్ స్ఫటికశిలను కరగించి వెండ్రుకకన్న సన్నని తీగ సాగదీసి, అయస్కాంతముల నడుమ వ్రేలాడదీసెను. యంత్రము సుమారు 270 కిలోల బరువు. నడపుటకు అయిదుగురు కావలెను. రోగి చేతులను, కాలిని ఉప్పునీటి తొట్లలో నుంచుకొని కూర్చుండవలెను. అంతటి యంత్రమును ఆసుపత్రికి మోయుట కల్ల గనుక, 1905లో ఆయన టెలిఫోను తీగగుండ కిలోమీటరున్నర దూరములోని ఆసుపత్రినుండి గుండెగీతను తన ప్రయోగశాలకు రప్పించెను. 1924లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఇక అసలు సంగతి. పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు నీరు పారునట్లు, గుండెకండకు గూడ దాని రక్తనాళములే కాలువలు. కాలువలో గడ్డ పడెనా, దాని క్రింది ఆయకట్టు ఎండసాగును. బ్రదికిన కండ ప్రతి కొట్టుకొనుటకు విద్యుత్తు పుట్టించును. చచ్చిన కండ పుట్టింపదు. 1918లో షికాగోలో స్మిత్ అను వైద్యుడు కుక్కల గుండెనాళములను బిగగట్టి గీత మారుటను జూచెను. 1920లో న్యూయార్కునందు పార్డీ అను వైద్యుడు గుండెపోటు వచ్చిన మనుష్యుని గీతలో అట్టి మార్పునే వర్ణించెను.

ఈ మార్పులు రెండు తెరగులు. ఈ భేదమే నా యీ ప్రసంగమునకు ప్రాణము. ఐంథోవెన్ గీతలోని మలుపులకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేరులిడెను. ఎస్, టిల నడుమ భాగము పైకి లేచినచో, కండ నీరులేక వాడుచున్నదని యర్థము. తడి పెట్టిన తిరిగి లేచును. క్యూ లోతై వెడల్పై, ఆర్ పొట్టియైనచో అది శావి. చాలవరకు తిరిగి రాదు. ఈ రెండవదానిని లెక్కగట్టుటకు అమెరికాలో సెల్వెస్టర్, వాగ్నర్ అను వైద్యులు 1970ల నుండి మార్కుల పద్ధతి నేర్పరచిరి. 12 గీతలలో పదింటియందు క్యూ వెడల్పు, ఆర్ పొడుగు కొలిచి మార్కులు వేయుదురు. ఒక్కొక్క మార్కు ఎడమ జఠరికలో నూటికి సుమారు 3 పాళ్ల నష్టము. మరణించినవారి గుండెలను పరీక్షించి లెక్కను సరిచూచిరి. మన కరణములకు గూడ నింతటి సరిచూపు లేకుండెను గదా!

లెక్క తెలిసి లాభమేమి యందురా? 1986లో ఇటలీలో 11,000కు పైబడిన రోగులకు గడ్డ కరగించు స్ట్రెప్టోకినేజు మందు నిచ్చియు, ఈయకయు చూచిరి. 21 రోజులలో మందు లేనివారు నూటికి 13 మంది, మందు పొందినవారు 10.7 మంది మరణించిరి. మొదటి గంటలో పొందినవారికి లాభ మింకను హెచ్చు. ఎవరి కీయవలెనో చెప్పినది గీతయే.

2003–04లో గోదావరి జిల్లాలలోని 45 గ్రామముల మరణములు పరిశీలింపగా నూటికి 32 రక్తప్రసరణ వ్యాధులవలననే యని తేలినది. అయినను మన పల్లెలలో రొమ్ము పట్టినచో గ్యాసనియు, వాయువనియు సోడా త్రాగించి తెల్లవారుదాక చూచెదరు. ఆ రాత్రియే పొలమెండు రాత్రి. 2023లో ఆంధ్రరాష్ట్ర ప్రభుత్వ మారంభించిన పథకమున చిన్న ఆసుపత్రిలో తీసిన గీత దూరముననున్న హృద్రోగ వైద్యునికి జేరును. ఆయన చెప్పినమీదట మందు అక్కడనే యిత్తురు. 1905 నాటి లైడెను తీగ యిది! గుడివాడ పల్లెలనుండి గాని నాగాయలంకనుండి గాని పెద్ద ఆసుపత్రికి ప్రయాణము చేయులోపల ఎండవలసినదంతయు ఎండునను భయము దీనివలన కొంత తగ్గును.

గీత సర్వజ్ఞము గాదు. పోటు వచ్చిన తొలి నిమిషములలో అది మామూలుగానే యుండవచ్చును. అందుచే వైద్యులు మరల మరల తీయుదురు. గుండెలోని విద్యుత్తు దారి ముందే చెడియున్నవారికి మార్కులు తప్పుదారి పట్టును. ఎంఆర్ఐ పటము నష్టమును మరింత సరిగా చూపును గాని, అర్ధరాత్రి అవనిగడ్డలో దొరకునది గీతయే. క్రొత్తగీతను పాతదానితో పోల్చినగాని ఏ నష్ట మెప్పటిదో తేలదు. పాత అడంగలు లేక సరిహద్దు తగవు తేలనట్లే. ఆ కాగితము వేడికి రంగుతేలునది. వేసవిలో పెట్టెలో మడచియుంచిన గీత రెండేండ్లలో మాసిపోవచ్చును గనుక, తీయించిన దినముననే జెరాక్సు నకలు తీయించి పట్టాకాగితములతో కూడ నుంచవలెను.