మార్తినిత్ పిల్లవాడు

1942. మిలాన్ నగరాన్ని యుద్ధం ముసురుకుంటున్న రోజులు. ఒక తల్లి ఏడేళ్ల కొడుకును వెంటబెట్టుకుని మార్తినిత్ అనాథాశ్రమం గడప తొక్కింది. కూరగాయలమ్ముకునే భర్త, ఈ బిడ్డ కడుపులో ఉండగానే కన్నుమూశాడు. పుట్టినవాడికి తండ్రి పేరే పెట్టుకుంది: లియొనార్దో. తను ఫ్యాక్టరీకి వెళ్తే పిల్లవాణ్ని చూసుకునే దిక్కు లేదు. వాడి చెయ్యి వదిలి ఆమె వెనుదిరిగిన క్షణం తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

రేబాన్ చలువద్దాల కథను అందరూ అమెరికా పైలట్లతో మొదలుపెడతారు. నాకు మాత్రం అది ఈ గడప దగ్గరే మొదలవుతుంది.

అప్పటికి ఆ పేరు పుట్టి అయిదేళ్లు. ఇద్దరు జర్మన్ వలస మిత్రులు 1853లో అమెరికాలోని రోచెస్టర్‌లో స్థాపించిన బాష్ అండ్ లాంబ్ కంపెనీ, మబ్బుల పైన పైలట్ల కళ్లలో పొడిచే ఎండను ఆకుపచ్చ గాజుతో మెత్తబరిచింది. కిరణాలకు అడ్డు, అదే రేబాన్. 1952లో ప్లాస్టిక్ ఫ్రేముతో వేఫేరర్ అనే మోడల్ వచ్చింది. 1981 నాటికి దాని అమ్మకం ఏడాదికి 18,000 జతలకు పడిపోయింది. 1983లో 'రిస్కీ బిజినెస్' సినిమాలో టామ్ క్రూజ్ వాటిని పెట్టుకున్నాడు. ఆ ఏడు 3,60,000 అమ్ముడుపోయాయి.

సినిమా తెచ్చిన మోజు ఎంతకాలం నిలుస్తుంది? 90ల చివరికి ఆ అద్దాలు పెట్రోల్ బంకుల్లో చవగ్గా వేలాడుతున్నాయి.

ఈలోగా మార్తినిత్ పిల్లవాడు పెద్దవాడయ్యాడు. 14 ఏళ్లకే పనిలో చేరి లోహపు అచ్చులు చెక్కడం నేర్చుకున్నాడు. రాత్రిళ్లు బ్రెరా అకాడమీలో డిజైన్ చదివాడు. ఆల్ప్స్ ఒడిలో, గని మూతపడబోతున్న అగోర్దో అనే ఊరు పరిశ్రమ పెట్టేవాళ్లకు ఉచితంగా స్థలమిస్తానంటే, 1961లో అక్కడ లుక్సోటికా అనే కంపెనీ ప్రారంభించాడు. మొదట చేసినవి పరాయి కంపెనీల కళ్లద్దాలకు విడిభాగాలు!

1999లో ఆ పిల్లవాడే, లియొనార్దో దెల్ వెకియో, 64 కోట్ల డాలర్లు పెట్టి బాష్ అండ్ లాంబ్ చలువద్దాల వ్యాపారాన్ని కొన్నారు. కొన్నాక ఆయన చేసిన మొదటి పని అమ్మకాలు పెంచడం కాదు, తగ్గించడం. వేలాది చౌక దుకాణాల నుంచి రేబాన్‌ను వెనక్కి రప్పించారు. తయారీని ఇటలీకి మార్చి, నాణ్యత సరిచేశారు. చేతి పని విలువ తెలిసినవాడికే ఆ ధైర్యం వస్తుందని నా నమ్మకం.

2015లో తన 80వ పుట్టినరోజుకు ఇటలీలోని కార్మికులకు సొంత షేర్లు పంచిపెట్టారు. 2022 జూన్‌లో ఆయన కన్నుమూస్తే అంత్యక్రియలు అగోర్దోలోనే జరిగాయి. సాగనంపడానికి ఫ్యాక్టరీ కార్మికులు తరలివచ్చారు.