సీనియరు ఎవరు?

గత సంవత్సరము ఉగాదినాడు బారిడీహ్‌లో మన తెలుగు కుటుంబములు కొన్ని చేరి చిన్న సభ జరుపుకొన్నవి. జ్యోతి వెలిగించుటకు "సీనియరుగారిని వేదికపైకి ఆహ్వానించుచున్నాము" అని ఒక యువకుడు ప్రకటించెను. వెంటనే ఇద్దరము లేచితిమి. వారిలో ఒకడను నేను, నలుబదియైదేండ్ల సచివాలయోద్యోగిని. రెండవవారు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గైకొనిన డెబ్బదియేండ్ల పెద్దలు. నన్ను చూచి వారు మరల కూర్చుండిరి. ఆ కూర్చుండుట నా మనస్సును కలచివేసినది. ఇంటికి వచ్చి ఆ మాట చరిత్రను వెదకితిని.

'సీనియరు' లాటిను పదము. 'సెనెక్స్' అనగా ముదుసలి. 'సెనియోర్' అనగా ఇరువురిలో ఎక్కువ వయస్సుగలవాడు. వేదభాషలో 'పాత' యను అర్థముగల 'సన' శబ్దము దీనికి జ్ఞాతి. రోములో వృద్ధులు కూడిన సభ 'సెనేట్' అయినది. మధ్యయుగమున ఫ్రెంచివారు భూస్వామిని ఈ పదముతోనే పిలిచిరి. అదియే కుదించుకొని ఇంగ్లీషులో 'సర్' అయినది. ఆఫీసులో దినమునకు నూరుమార్లు మనమనెడు 'సార్' కూడ, మూలమును చూడ, 'పెద్దవాడా' యను పిలుపే!

ఈ కలయిక మనకును క్రొత్త కాదు. తెలుగున 'ఇంటిపెద్ద' వయస్సును, 'ఊరిపెద్ద' అధికారమును తెలుపును. జ్యేష్ఠశబ్దమును సాధించుచు పాణిని, శ్రేష్ఠుడను అర్థముగల 'ప్రశస్య' శబ్దమునకును, 'వృద్ధ' శబ్దమునకును ఒకే ఆదేశమును విధించినాడు. బౌద్ధసంఘములో మాత్రము భిక్షువుల పెద్దరికమును పుట్టిన తేదీనిబట్టి కాక, ఉపసంపద పొందిన దినమునుండి లెక్కించిరి. అమరావతి శాసనములలో కనబడు 'థేర' పదము అట్టి పెద్దలకు చెల్లిన బిరుదమే. నేటి మన సర్వీసు లెక్కకు ఇది ఎంత దగ్గరగా నున్నదో చూడుడు!

ఈస్టిండియా కంపెనీ కొలువులో రైటరు, ఫ్యాక్టరు, జూనియరు మర్చంటు, సీనియరు మర్చంటు అని మెట్లుండెడివి. 1793 నాటి చార్టరు చట్టము పదోన్నతికి సీనియారిటీని ఆధారము చేసినది. సిఫారసులకును, ఆశ్రితపక్షపాతమునకును అది కొంత కళ్లెము వేసినది. స్వాతంత్ర్యానంతరము 1959 డిసెంబరు 22వ తేదీన కేంద్ర హోంశాఖ సీనియారిటీకి సాధారణ సూత్రములను ప్రకటించినది. నేరుగా నియమితులైనవారి స్థానమును ఎంపికలోని యోగ్యతాక్రమము నిర్ణయించునని అందు చెప్పబడినది. అనగా ఇరువదిరెండేండ్ల యువకుడు ముప్పదియేండ్లవానికి సీనియరు కావచ్చును. ఇందులో అన్యాయము లేదు. పై అధికారి ఇష్టాయిష్టములకంటె వ్రాసిపెట్టిన వరుసయే చిన్న యుద్యోగికి రక్ష.

అయితే ఆ వరుసకు ఒక హద్దున్నది. 1998లో కేంద్రోద్యోగుల విరమణ వయస్సు ఏబదియెనిమిదినుండి అరువదికి పెరిగినది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము అరువది నిండినవారిని 'సీనియరు సిటిజను' అన్నది. విచిత్రమేమనగా, మనలో చాలమందికి ఆఫీసులోని 'సీనియరు' పోవుటయు, బయటి 'సీనియరు' వచ్చుటయు ఇంచుమించు ఒకే నెలలో జరుగును. రెండువేలయేండ్లు అధికారమువెంట తిరిగిన మాట చివరకు వయస్సునొద్దకే, తన పుట్టింటికే, చేరినది.

ఆనాడు నేను వేదిక దిగి ఆ పెద్దల యొద్దకు పోయి, "బాబాయిగారూ, మీరు దయచేయండి" అంటిని. "ఆఫీసరువి నువ్వుండగా నేనెందుకు బాబూ?" అని వారు సందేహించిరి. "ఇది ఆఫీసు కాదు కదండీ" అంటిని. వారు లేచి జ్యోతి వెలిగించిరి. నేను ప్రక్కను నిలిచి గాలి సోకకుండ చేయి అడ్డుపెట్టితిని.

ఫైలుమీద సీనియారిటీ జాబితాను గౌరవింతము, అది న్యాయము. సంఘపు గడపయొద్ద దానిని విడిచి వత్తము, అది మర్యాద. ఆ జాబితాలోనుండి మన పేరును తొలగు దినము తప్పదు. ఆ దినమున మనలను చూచి లేచి నిలుచు పిల్లలు, నేడు మనము ఎవరికి లేచుచున్నామో చూచి నేర్చుకొందురు.