రెండో డికాషన్

మా ఇంట్లో పొద్దున్నే ముగ్గురికి మూడు రకాల కాఫీ కలపాలి. మావారికి చికోరీ పడ్డ చిక్కటి కాఫీ, ఒకటిన్నర చెంచా చక్కెర. అత్తమ్మకి చికోరీ లేని పీబెరీ పొడి, చక్కెర పేరుకి మాత్రమే, కానీ గ్లాసు పట్టుకుంటే వేళ్ళు కాలాలి. అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చిందంటే పాలు లేని కాఫీ, అదీ ఫ్రిజ్‌లో పెట్టింది! "చల్లారిన కాఫీ గేదె కూడా ముట్టదే" అంటుంది అత్తమ్మ. ఇద్దరికీ ప్రతి సెలవుల్లోనూ ఇదే గొడవ.

నేనా? నేను జనగామ వైపు పిల్లని. చాయ్ తాగి పెరిగాను. మా అమ్మ ఇంట్లో కాఫీ అంటే ఎవరికైనా తలనొప్పి వస్తే కిరాణా కొట్టు నుంచి తెచ్చే చిన్న పొట్లం. 1994లో ఈ బౌద్ధనగర్ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడు పొద్దున వంటింట్లో ఒక వాసన వచ్చింది చూడండి, ఇప్పటికీ గుర్తే. అత్తమ్మ ఇత్తడి ఫిల్టర్ పైన గరిటె కాడతో నాలుగు తట్లు తడుతోంది. "దిగనంటోంది మొండిది" అంది నావైపు చూడకుండానే. అత్తాకోడళ్ళ మధ్య మొదటి మాట అదే. వాళ్ళ వైపు "అత్తయ్యగారూ" అంటారు. నాకు అలవాటైన "అత్తమ్మా"నే నేను పిలిచాను, ఆవిడ ఏమీ అనలేదు.

ఇవన్నీ ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, 2024 వేసవిలో నాకు హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. అంతకు ముందు మూడు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళు లాగేసేవి. డాక్టరమ్మ కాగితం చూసి, "మాత్ర దేంతో వేసుకుంటున్నారు?" అంది. టిఫిన్ తిని, మాత్ర మింగి, వెంటనే కాఫీ తాగుతున్నానని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మూడు నెలల మాత్రలు కాఫీలో కలిపి పారబోసినట్టయింది.

విచిత్రం ఏమిటంటే, ఆ మే నెలలోనే మా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు భారతీయుల ఆహార మార్గదర్శకాలు కొత్తగా విడుదల చేశారు. జామై ఉస్మానియా స్టేషన్ వైపు నడకకి వెళ్ళినప్పుడల్లా ఆ గేటు చూస్తూనే ఉంటాను. ఒక్కసారి కూడా అది నా వంటింటికి సంబంధించిందని అనుకోలేదు. ఆ సంస్థ 1918లో నీలగిరుల్లోని కూనూర్‌లో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో మన హైదరాబాద్‌కి వచ్చింది. టీ తోటల మధ్య నుంచి తార్నాకకి వచ్చి, కాఫీ, టీ తగ్గించండమ్మా అని చెబుతోంది చూశారా! భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని వాళ్ళు రాశారు. వాటిలోని టానిన్లు మనం తిన్న ఇనుమును పట్టేసుకుని, ఒంటికి అందనివ్వవు. రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదట. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 దాకా, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. మా గ్లాసులో సగం పాలే కాబట్టి లెక్క కొంచెం తక్కువేలెండి. అయినా అత్తమ్మ నాలుగు గ్లాసులు గుర్తొచ్చి గుండె గుభేలుమంది.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇది చదువుతున్న మీలోనూ సగం మందికి పైగా ఉండొచ్చు. కాఫీ ఒక్కటే కారణం కాదు, తిండి, నెలసరి, కాన్పులు అన్నీ ఉన్నాయి. కానీ మాత్రను కాఫీతో మింగొద్దని ఒక్కరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి అత్తమ్మకి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా నలభయ్యో ఏట దాకా నాకూ రక్తం లేదు అమ్మాయ్. పైగా నేను తాగింది మంచి కాఫీ కూడా కాదు" అంది.

ఆ కథ చెప్పే ముందు, అసలు ఈ కాఫీ మన ఇళ్ళలోకి ఎలా దూరిందో చెప్పాలి. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు తోటలు వేశారు, గింజలు ఓడలెక్కి విదేశాలకి పోయాయి. మన అమ్మమ్మల అమ్మమ్మలు పొద్దున్నే తిన్నది చద్దన్నం, తాగింది తరవాణి. 1930లలో ప్రపంచమంతా ధరలు పడిపోయి ఎగుమతులు దెబ్బతిన్నాకే కదా, అమ్ముకోలేని సరుకుని మనకే అలవాటు చేద్దామన్న ఆలోచన గట్టిపడింది! 1935లో కాఫీ సెస్ చట్టం చేశారు, 1936లో బొంబాయి చర్చిగేట్‌లో మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచారు. 1942 చట్టంతో కాఫీ బోర్డు చేతికి పగ్గాలొచ్చాయి. అప్పటి నుంచి తొంభైల దాకా రైతు పండించిన గింజ బోర్డుకే ఇవ్వాలి. అత్తమ్మ పచ్చి గింజలు కొన్నది ఆ రోజుల్లోనే.

కోస్తా ఊళ్ళు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అందుకే కాఫీ వాటికి ముందే అంటుకుంది. మా నిజాం వైపు ఇరానీ హోటళ్ళ చాయ్ రాజ్యం. కాఫీ అందరిదీ అయిందని మాత్రం అనుకోకండి. పల్లెల్లో హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం నడిచిందో మా నాన్న చెప్పేవాడు, ఆయనకి ఏ గ్లాసు ఇచ్చేవారో కూడా. ఇంట్లో కూడా ఎవరి గ్లాసు వాళ్ళదేనని అత్తమ్మ కథ వింటే అర్థమైంది.

ఆవిడది 1964లో పెళ్ళి. పదిహేడేళ్ళు. తెనాలిలో ఉమ్మడి కుటుంబం, పద్నాలుగు మంది. తెల్లవారుజామున లేచి గింజలు వేయించి, చేతి మరలో తిప్పి, డికాషన్ దింపేది ఈవిడే. మొదటి డికాషన్ మామగారికి, బావగార్లకి, మామయ్యకి, ఆ తర్వాత వచ్చేపోయే వాళ్ళకి. అదే పొడి మీద మళ్ళీ వేడినీళ్ళు పోస్తే దిగే రెండోది ఆడవాళ్ళకి. పెద్ద తోడికోడలు వంతు అయ్యేసరికి చిన్నకోడలికి మిగిలేది మూడో నీళ్ళే, అందులో బెల్లం ముక్క. "రంగు మాత్రం ఉండేది" అంది. అది తాగి, అందరూ తిన్నాక మధ్యాహ్నం రెండింటికి భోజనం, వెంటనే మళ్ళీ ఒక గ్లాసు నీళ్ళ కాఫీ, ఆకలి తెలియకుండా.

1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. దక్షిణ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లు, మధ్య రైల్వే నుంచి సికింద్రాబాద్, షోలాపూర్ డివిజన్లు కలిపారు. చరిత్ర పుస్తకంలో ఇది ఒక వాక్యం. కానీ రైల్వే గుమాస్తా అయిన మామయ్యకి బదిలీ వచ్చింది. 1967లో ఒక ట్రంకు పెట్టె, ఇత్తడి ఫిల్టర్, చేతి మరతో అత్తమ్మ చిలకలగూడ దగ్గర రెండు గదుల క్వార్టర్‌లో దిగింది. మర్నాడు పొద్దున డికాషన్ దింపి, మామయ్యకి ఇచ్చి, ఫిల్టర్ కింది గిన్నెలోకి చూస్తే ఇంకా మిగిలి ఉందట. ఎవరికి ఇవ్వాలో తోచలేదట. పక్కగదిలోకి తొంగిచూసి, వంటింటి తలుపు దగ్గరకి వేసి, మొదటి డికాషన్‌లో పాలు పోసుకుని నిలబడే తాగిందట. "దొంగతనం చేసినట్టే ఉంది అమ్మాయ్. ఎంత బావుందో!" అంది. డెబ్భై ఏడేళ్ళ మొహంలో సిగ్గు చూశాను.

ఆ క్వార్టర్లలో కన్నడం వాళ్ళు, మరాఠీ వాళ్ళు, అరవం వాళ్ళు, మా తెలంగాణ వాళ్ళు. హుబ్లీ నుంచి వచ్చిన పక్కింటావిడ దగ్గరే పీబెరీ సంగతి తెలిసింది. కాఫీ పండులో మామూలుగా రెండు బద్దలుంటాయి, ఒక్కోదానిలో ఒకటే గుండ్రంగా ఉంటుంది, అదే పీబెరీ. 1969లో ఉద్యమంతో ఊరంతా అట్టుడికినప్పుడు, పాలు దొరక్కపోతే ఎదురింటి తెలంగాణ ఆవిడ కొంగు చాటున పాలగిన్నె తెచ్చి ఇచ్చిందట. ఆ కృతజ్ఞతే ఇరవై అయిదేళ్ళ తర్వాత నాకు పనికొచ్చిందేమో, చాయ్ ఇంటి పిల్లని కోడలిగా చేసుకోవడానికి పెద్దగా గొణగలేదు.

మెలిట్టా బెంట్జ్ గురించి చదివినప్పుడు నాకు అత్తమ్మే గుర్తొచ్చింది. జర్మనీలో డ్రెస్డెన్ ఊరి ఇల్లాలు. కాఫీలో మడ్డి, చేదు భరించలేక ఇత్తడి గిన్నెకి మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు స్కూలు పుస్తకంలోని అద్దుడు కాగితం చింపి అందులో వేసింది. 1908లో దాని మీద హక్కు సంపాదించి, ఆ ఏడే కంపెనీ పెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడే కాగితం ఫిల్టర్ అదే. వంటింట్లో పుట్టే ఇలాంటి ఉపాయాలు మన దగ్గర ఎన్ని పేరు లేకుండా పోయాయో.

సరే, డికాషన్ సంగతి. ముప్పై ఏళ్ళలో నేను నేర్చుకున్నది ఇంతే. ముగ్గురికి 30 గ్రాముల పొడి. 200 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే 140 దాకా దిగుతుంది, మిగతాది పొడే తాగేస్తుంది. నీళ్ళు మరిగాక పొయ్యి ఆపి, అర నిమిషం ఆగి పోయాలి. కుతకుతలాడే నీళ్ళు పోస్తే చేదెక్కుతుంది. పొడిని బిళ్ళతో మెల్లగా సర్దాలి, గట్టిగా నొక్కారో, తెల్లారేదాకా దిగదు. చిల్లులు మూసుకుపోతే పిన్నీసుతో పొడవకండి, పెద్దవైపోతాయి. ఖాళీ పై గిన్నెని పొయ్యి మంట మీద కాసేపు పట్టి, చల్లారాక తోమితే చాలు. బోరు నీళ్ళతో మా కాఫీ ఎప్పుడూ మొద్దుబారినట్టే ఉండేది, మంచినీళ్ళకి మారాక తేడా తెలిసింది. పొడి 200 గ్రాములకి మించి కొనను. డికాషన్ చల్లారితే మళ్ళీ మరిగించను, వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెడతాను. వాసన పోయాక ఇక కాఫీలో ఏముంది చెప్పండి?

చికోరీ మీద మా ఇంట్లో ఎడతెగని యుద్ధం. అదొక వేరు, కాఫీ కాదు, కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం ఇస్తుంది. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన చట్టం. అంటే 49 శాతం వేరు కలిపి అమ్మొచ్చన్నమాట! పాకెట్ వెనక చిన్న అక్షరాలు చదివి కొనండి. నాకైతే మావారి రుచి కూడా తప్పనిపించదు, పదిహేను శాతం చికోరీతో వచ్చే ఆ ముదురు రంగు వానాకాలంలో భలే ఉంటుంది. ఈ మధ్య అమ్మాయి అరకు పొడి తెస్తోంది. మన్యం కొండల్లో ఆదివాసీ కుటుంబాలు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన పండించే అరబికా. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొంచెం పులుపు తగులుతుంది. అత్తమ్మ ఒక గుటక వేసి, "నిమ్మకాయ పిండావా?" అంది. రెండో రోజు తనే అడిగింది.

ఇప్పుడు మా ఇంటి టైంటేబుల్ మారింది. పొద్దున లేవగానే నాకు కాఫీ లేదు. మాత్ర నిమ్మరసంతో. తొమ్మిదిన్నరకి టిఫిన్, పదకొండుకి కాఫీ. అత్తమ్మ నాలుగు గ్లాసుల్ని రెండుకి దింపడానికి నెల పట్టింది, మొదటి వారం తలనొప్పితో ఇల్లు దద్దరిల్లింది. ఒక్కసారిగా కాకుండా వారానికి అర గ్లాసు చొప్పున తగ్గించాం. ఆరు నెలలకి నా హిమోగ్లోబిన్ 11.2కి వచ్చింది.

పదకొండింటికి మేమిద్దరం వరండాలో కూర్చుంటాం. తాజాగా దింపిన మొదటి డికాషన్, రెండు గ్లాసులు. మొన్న ఆదివారం మావారు మార్కెట్ నుంచి వచ్చి, తనకీ ఒక గ్లాసు కావాలన్నారు. అప్పటికే మాది అయిపోయింది. లోపలికెళ్ళి అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి, కలిపి ఇచ్చాను. ఒక గుటక వేసి మొహం చిట్లించారు.

"ఏంటిది, నీళ్ళలా ఉంది?"

అత్తమ్మ పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "రెండోదిరా. తాగు."