సంస్థానాల విద్య, రిజర్వేషన్ల న్యాయం

ఉన్నత విద్యలో రిజర్వేషన్లు న్యాయమా, అన్యాయమా అన్న చర్చ వచ్చిన ప్రతిసారీ ‘ప్రతిభ’ అన్న మాట తీర్పులాగా వినిపిస్తుంది. సీటు ప్రతిభకు దక్కవలసిన ఫలమనీ, దానిని కులం లెక్కన పంచడం స్వాతంత్ర్యం తరువాత పుట్టిన వింత అనీ చదువుకున్నవారిలో చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకాన్ని చరిత్ర ముందు నిలబెట్టి చూడడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను ఎంచుకున్నాను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ, ఆ పైన సంస్థానాల నేల, తూర్పున నల్లమల అడవి - ఇవన్నీ పాత పాలమూరు జిల్లాలోనివే. ఇక్కడ విద్యను ఎవరికి ఎలా పంచారన్న దానికి సాహిత్య చరిత్రే సాక్ష్యం చెబుతుంది. కాబట్టి ఇది న్యాయవాదులకు వదిలేసి మనం ఊరుకోవలసిన విషయం కాదు.

గద్వాలను ‘విద్వద్గద్వాల’ అన్నారు. ఆ సంస్థానం కాణాదం పెద్దన సోమయాజి వంటి కవులను పోషించింది. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి అవధానాలు చేశారు, సన్మానాలు పొందారు. తూమాటి దొణప్పగారి పరిశోధన చదివిన వారికి సంస్థానాలు చేసిన సాహిత్య పోషణ ఎంత విస్తృతమైనదో తెలుసు. ఆ పాండిత్యం బూటకమని నేను అనడం లేదు. వ్యాకరణం, తర్కం, అలంకారశాస్త్రం ఏళ్ల తరబడి చదివి సాధించినవారు వాళ్లు. నా ప్రశ్న వేరు: ఆ పోటీలోకి దిగే అర్హత ఎవరికి ఉండేది?

పండిత సభలో శాస్త్రచర్చ జరిగేది. ఓడినవారు ఓడారు, గెలిచినవారు గెలిచారు. కాని సభ తలుపు దాకా రాకముందే ఒక పెద్ద వడపోత జరిగిపోయింది. వేదశాస్త్రాలు ఎవరు చదవాలో పుట్టుకే నిర్ణయించింది. ఆ సభకయ్యే ఖర్చు మాత్రం అందరిదీ. పండితునికి ఇచ్చిన అగ్రహారం, ఇనాం భూమి, వార్షికం, శాలువా - ఇవన్నీ రైతు కట్టిన శిస్తులో నుంచి, వెట్టి చేసిన చేతుల్లో నుంచి వచ్చినవే. ప్రజాధనంతో నడిచే విద్యలో కొన్ని కులాలకు మాత్రమే ప్రవేశం ఉండడాన్ని రిజర్వేషన్ అనక మరేమనాలి? అది నూటికి నూరు పాళ్ల రిజర్వేషన్. దానికి జీవో లేదు, గడువు లేదు, ఏ కోర్టూ పరిమితి విధించలేదు. సాహిత్య చరిత్రకారులు దానికి ‘పోషణ’ అని మంచి పేరు పెట్టారు.

అదే గద్వాలలో ఇంకొక విద్య ఉండేది. నూలు నేతకు పట్టు అంచును, అతుకు కనబడకుండా మగ్గం మీదనే కలిపే విద్య. గద్వాల చీరకు దేశంలో పేరు వచ్చింది. ఆ నేతలో గణితముంది, రంగుల శాస్త్రముంది, ఒక తరం నుంచి మరొక తరానికి అందిన క్రమశిక్షణ ఉంది. చీరను రాజాదరణ వరించింది గాని నేతగాని జ్ఞానాన్ని ఎవరూ విద్వత్తు అనలేదు. ఏది ప్రతిభో నిర్ణయించే అధికారం కూడా ఆస్తిలాగానే కొందరి చేతుల్లో ఉంటుందనడానికి ఇంతకంటే దూరం వెళ్లనక్కరలేదు.

ఆ అధికారం దెబ్బ ఎలా ఉంటుందో తెలంగాణ పండితులకు కూడా ఒకసారి తగిలింది. నైజాంలో తెలుగు కవులు పూజ్యమన్న మాట ఒకటి వచ్చినప్పుడు నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను లోకం ముందు నిలబెట్టారు. తరువాత 1952లో ఆయన వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ సంచికను మనం సాధారణంగా ప్రాంతీయాభిమాన గాథగా చదువుతాం. అందులో అంతకంటే లోతైన పాఠం ఉంది. కవులు లేక కాదు, అచ్చుయంత్రం, పత్రిక, ఉర్దూ కాని పాఠశాల లేక వారు లెక్కలోకి రాలేదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ తేడాను తన విషయంలో గ్రహించిన విద్యావంతుడు, దళితవాడ పిల్లవాని మార్కుల పట్టీ చూసేటప్పుడు ఎందుకు మరచిపోతాడు?

ఈ మరపు సాహిత్యానికే పరిమితం కాలేదు. 1919 నాటి ముల్కీ ఫర్మానా ఉద్యోగాలలో స్థానికులకు రక్షణ ఇచ్చింది. 1956 పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణలోని విద్యావకాశాలను తెలంగాణ విద్యార్థులకు భద్రపరచాలన్నది. 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం తరువాత 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని మూడు విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విభజించి 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. పాలమూరు ఉస్మానియా ప్రాంతంలోకి వచ్చింది. దీని వెనుక ఉన్న తర్కమేమిటి? కృష్ణా గోదావరి డెల్టాలలో కాలువలు, కాలేజీలు ముందు వచ్చాయి. అక్కడి విద్యార్థినీ పాలమూరు విద్యార్థినీ ఒకే పరీక్షలో పోల్చి, ఎక్కువ మార్కులు వచ్చినవానికి సీటు ఇవ్వడం సమానత్వం కాదు. ఈ తర్కం న్యాయమైనదే. తెలంగాణ అగ్రకుల విద్యావంతులు దానిని ఏ సంకోచమూ లేకుండా సమర్థించారు. ప్రతిభకు అన్యాయం జరిగిందని వారు బాధపడలేదు. జిల్లాకూ జిల్లాకూ నడుమ నిజమైన వెనుకబాటు, ఊరికీ వాడకూ నడుమ అబద్ధమెలా అవుతుంది? ప్రాంతానికి ఒప్పుకున్న న్యాయాన్ని కులానికి నిరాకరించడంలో తర్కం లేదు, స్వప్రయోజనమే ఉంది.

కులప్రాతిపదిక కోటాలు కూడా కళ్లు మూసుకుని పంచినవి కావు. వైద్య కళాశాలల ప్రవేశాల కోసం 1966లో తయారుచేసిన వెనుకబడిన తరగతుల జాబితాను, తగిన ఆధారాలు చూపలేదంటూ కోర్టులు కొట్టివేశాయి. సుప్రీంకోర్టు 1968లో ఆ మాటే స్థిరపరిచింది. తరువాత అనంతరామన్ కమిషన్ విచారణ జరిపి 1970లో నివేదిక ఇచ్చింది. ఎ, బి, సి, డి గ్రూపులకు 7, 10, 1, 7 చొప్పున మొత్తం 25 శాతం కేటాయింపు వచ్చింది. 1972లో సుప్రీంకోర్టు దీనిని ఆమోదించింది. 1986లో దానిని 44 శాతానికి పెంచితే హైకోర్టు కొట్టివేసింది. అంటే వెనుకబాటును ప్రతిసారీ రుజువు చేసుకోవలసి వచ్చింది. ముందుబాటుకు ఏ కమిషనూ ఎన్నడూ రుజువు అడగలేదు.

అయితే ఈ కోటాలలో అన్యాయం లేదా? ఉంది, ఈ మూడు ప్రాంతాలే దానినీ చూపిస్తాయి. గద్వాల, ఆలంపురం తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల సరిహద్దు గీసినప్పుడు అవి ఇటు వచ్చాయి. గీతకు అటు ఉన్న బోయలు 1991 నుంచి కర్ణాటకలో షెడ్యూల్డు తెగ. ఇటు ఉన్న వారి చుట్టాలు వెనుకబడిన తరగతుల ఎ గ్రూపు. పిల్లనిచ్చి పుచ్చుకునే రెండిళ్లలో ఒక ఇంటి పిల్లవాడు గిరిజనుడు, మరొక ఇంటివాడు కాదు. వాల్మీకి బోయలను తెగల జాబితాలో చేర్చాలని తెలంగాణ శాసనసభ 2023లో తీర్మానించింది. అది జరగవలసింది పార్లమెంటు ద్వారా. అటు నాగర్‌కర్నూలు నల్లమలలోని చెంచులూ, మైదానాలలోని లంబాడీలూ ఒకే జాబితాలో ఉన్నారు. తండాకు దక్కిన కొద్దిపాటి బడి కూడా పెంటకు దక్కలేదు. అందువల్ల ఒకే కోటా ఇద్దరికీ ఒకేలా అందదు. షెడ్యూల్డు కులాలలో ఇదే వాదన దశాబ్దాల మాదిగ ఉద్యమమైంది. వర్గీకరణను 2004లో కాదన్న సుప్రీంకోర్టు 2024లో ఔనన్నది. 2025లో తెలంగాణ 15 శాతాన్ని 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచింది. ఈ లోపాలన్నీ కొలత మరింత సరిగా ఉండాలని చెబుతున్నాయి. కొలతే వద్దని చెప్పడం లేదు.

అగ్రకులంలో పుట్టిన పేదవాని మాటేమిటన్న ప్రశ్నను కూడా దాటవేయకూడదు. పేదరికం నిజం, దానికి సహాయం కావాలి. 2019లో 103వ రాజ్యాంగ సవరణ వారికి 10 శాతం ఇచ్చింది. 2022లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో సమర్థించింది. 50 శాతం పరిమితి ఈ కోటాకు అడ్డు రాలేదు. ప్రతిభ గురించిన ఆందోళన కూడా అప్పుడు పెద్దగా వినబడలేదు. నా అభ్యంతరం ఆ పేదల మీద కాదు, ఈ మౌనం మీద. పేదవానికి డబ్బు లేదు. వాడలోని పేదవానికి డబ్బుతో పాటు సభలో చోటు కూడా లేదు. ఈ రెండు లేములకూ చికిత్స ఒకటే అనుకోవడం చరిత్రను కాదనడమే.

చివరకు కోటా ఒక్కటే న్యాయాన్ని పూర్తి చేయదు. 1959లో వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలిసింది. మేడ తలుపులు తెరుచుకున్నాయి. కాని 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. తెలంగాణ సగటు 66 శాతం పైన. దేశమంతా ఆనకట్టల మట్టి మోసిన పాలమూరు కూలీ, మేస్త్రీ వెంట వలస పోతూ పిల్లలను బడి మాన్పించి తీసుకుపోయాడు. ఆ పిల్లవాడు కాలేజీ సీటు దాకా రానే రాడు. విద్వద్గద్వాల అని పేరు పొందిన చోటనే సగం మంది చదవలేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఒకటి రెండవదానికి మూల్యం. సంస్థానాల సాహిత్యం మీద ఇకముందు పరిశోధన చేసే విద్యార్థులు పద్యాలతో పాటు ఇనాం పత్రాలనూ, శిస్తు లెక్కలనూ కూడా చదవాలి. ఎవరి పద్యానికి ఎవరు చెల్లించారో తేలితే, ఈనాడు ఎవరి సీటు ఎవరు తీసుకుంటున్నారన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.