లష్కర్లు ఎవరి వాళ్లు?

సికింద్రాబాద్‌ను మా ఇళ్లలో ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళికి జరిగే బోనాలు లష్కర్ బోనాలు. కాలువల మీద తూములు ఎత్తి దించే నీటిపారుదల శాఖ మనిషి లస్కరు. ఫార్సీలో లష్కర్ అంటే సైన్యం, దండు. ఆ మాట మనలో ఇంతగా కలిసిపోయింది కాబట్టి దాని సొంతూరు ఏదని ఎవరూ అడగరు. మమ్మల్ని మాత్రం అడుగుతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, ఆఫీసులో తెలుగు రాసి బతికే మాకు "మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అనే మెచ్చుకోలు అలవాటే. ఆ మెచ్చుకోలు వెనక ఉన్న ప్రశ్న కూడా అలవాటే.

అందుకే ఆ మాటనే పేరుగా మోసి, ఆ పేరుతోనే మునిగిపోయిన మనుషుల గురించి చెప్పుకోవాలి. బ్రిటిష్ ఓడల మీద పనిచేసిన మన దేశపు నావికులను తెల్లదొరలు లస్కర్లు అనేవాళ్లు. అందరూ ముస్లింలు కారు. వంట, వడ్డన పనుల్లో గోవా క్రైస్తవులు ఎక్కువ. డెక్కు మీద గుజరాత్ తీరపు హిందువులూ ఉన్నారు. కానీ ఓడ అడుగున, పొయ్యిల దగ్గర ఉన్నది ఎక్కువగా సిల్హెట్, చిట్టగాంగ్, పంజాబ్ వైపు పేద ముస్లింలు. వాళ్ల హోదాలన్నీ మాకు అర్థమయ్యే మాటలే. పొయ్యిలో బొగ్గు వేసేవాడు ఆగ్‌వాలా. బొగ్గు కొట్టు నుంచి పొయ్యి దాకా మోసేవాడు కోయలావాలా. యంత్రాలకు నూనె పోసేవాడు తేల్‌వాలా. వాళ్ల మీద టిండేలు, ఆ పైన సరంగు. సరంగు మన గోదావరి లాంచీల మీదా ఉన్నాడు.

పని ఎలాంటిది? ఆవిరి ఓడ కదలాలంటే రాత్రింబవళ్లు పొయ్యి మండాలి. నాలుగు గంటలు పని, విరామం, మళ్లీ పొయ్యి ముందుకు. మంటలో బొగ్గు చల్లాలి, గడ్డకట్టిన చిట్టెం ఇనప గడ్డపారలతో పొడిచి లాగాలి. ఓడ ఊగితే నిప్పులు మీద పడతాయి. బొగ్గు కొట్లో గుట్ట జారితే కింద ఉన్నవాడు కూరుకుపోతాడు. ఒకవైపే బొగ్గు తీస్తే ఓడే ఒరుగుతుంది. ఎర్ర సముద్రం దాటేటప్పుడు ఆ వేడికి స్పృహ తప్పినవాళ్లున్నారు. భరించలేక సముద్రంలో దూకినవాళ్లూ ఉన్నారు. ఇంత చేస్తే, తెల్ల నావికుడి జీతంలో మూడోవంతు నుంచి ఐదోవంతు దాకా దక్కేది. అందులోనూ పని ఇప్పించిన ఘాట్ సరంగుకు దస్తూరీ కట్టాలి. మన తెలుగులో దస్తూరి అంటే చేతిరాత. వాళ్లకు మాత్రం దస్తూరీ అంటే మామూలు.

1914లో బ్రిటిష్ వాణిజ్య ఓడల మీద లస్కర్లు యాభై వేల పైచిలుకు. అంటే ప్రతి ఆరుగురు నావికుల్లో ఒకడు మనవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 3,427 మంది లస్కర్లు చనిపోయారు. రెండో యుద్ధంలో సుమారు 6,600 మంది. టార్పెడో తగిలేది నీటిమట్టానికి కిందే. పొయ్యిగది ఉండేదీ అక్కడే. పైవాళ్లు పడవలు దించుకునే లోపు కిందివాళ్లు ఇనప నిచ్చెన పట్టుకుని చీకట్లో పైకి రావాలి. చాలామంది రాలేదు.

వచ్చినవాళ్ల కథ ఒకటి చెబుతాం. 1940 సెప్టెంబరు 17 రాత్రి అట్లాంటిక్‌లో సిటీ ఆఫ్ బెనారస్ అనే ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది. బాంబుల నుంచి కాపాడడానికి కెనడా పంపుతున్న 90 మంది పిల్లలు అందులో ఉన్నారు. వాళ్లలో 77 మంది చనిపోయారు. దాదాపు వందమంది లస్కర్లూ పోయారు. 12వ నంబరు పడవలో 46 మంది మిగిలారు. ఆరుగురు పిల్లలు, కొద్దిమంది తెల్లవాళ్లు, మిగతా అంతా లస్కర్లు. ఒంటి మీద పలచని నూలు బట్టలు, చుట్టూ ఉత్తర సముద్రపు చలి. నీళ్లు గుక్కల లెక్కన పంచుకున్నారు. ఎనిమిది రోజుల తర్వాత ఒక విమానం వాళ్లను చూసింది. సెప్టెంబరు 25న యుద్ధనౌక వచ్చి ఎక్కించుకుంది. ఆ పిల్లల పేర్లూ, వాళ్లను కథలు చెప్పి బతికించిన టీచరు పేరూ పుస్తకాల్లోకెక్కాయి. ఎక్కాల్సిందే. పడవ నిండా ఉన్న లస్కర్లు మాత్రం చాలా చోట్ల ఒక సంఖ్యగానే మిగిలారు.

వాళ్లు నోరు లేనివాళ్లేం కాదు. 1939లో యుద్ధం మొదలవగానే, ఇంత ప్రమాదానికి ఈ జీతమా అని ఓడ పని మానేశారు. బ్రిటన్ రేవుల్లో వందలమంది జైలుకెళ్లారు. చివరికి జీతాలు పెంచక తప్పలేదు.

అంతకు ముందు జరిగింది ఇంకొకటి ఉంది. మొదటి యుద్ధం ముగిసిన ఏడేళ్లకు, 1925లో, నల్ల నావికుల మీద బ్రిటన్ ఒక ఉత్తర్వు తెచ్చింది. బ్రిటిష్ ప్రజలమని కాగితం చూపలేని నావికులు విదేశీయులుగా పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ రాజ్యపు ఓడ నడిపి, ఆ రాజ్యపు యుద్ధంలో తోటివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు కాగితం లేక పరాయివాళ్లయ్యారు. ఈ పేరా రాస్తుంటే మాకు మన కాలమే గుర్తుకొచ్చింది. ఎందుకో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

పరాయివాడనడం ఒక మతానికే పరిమితం కాదు. రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన తెలుగు కూలీలు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లను కోరంగీలనేవారు. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మా కూలీలను దించారు. సమ్మె ముగిశాక పని ఎవరిదన్న గొడవ మారణకాండ అయింది. వందమందికి పైగా భారతీయులు చనిపోయారు. యజమానులకు ఏమీ కాలేదు.

కలకత్తాలో హుగ్లీ ఒడ్డున, ప్రిన్సెప్ ఘాట్‌కు దగ్గర్లో లస్కర్ స్మారకం ఉంది. మొదటి యుద్ధంలో పోయిన బెంగాల్, అస్సాం లస్కర్లు 896 మంది కోసం కట్టి, 1924లో ఆవిష్కరించారు. రెండో యుద్ధంలో పోయినవాళ్ల పేర్ల పుస్తకం ముంబయిలో ఒకటి, చిట్టగాంగ్‌లో ఒకటి ఉన్నాయి. మునిగేటప్పుడు వాళ్లది ఒకే దేశం. జ్ఞాపకం మాత్రం రెండు దేశాల్లో ఉంది.

ఇదంతా చెప్పి మేం ఏం అడుగుతున్నాం? చూడండి, మావాళ్లూ ప్రాణాలిచ్చారు, మమ్మల్నీ మీవాళ్లుగా ఒప్పుకోండి అని కాదు. ఒకప్పుడు మేమూ అలాగే వాదించేవాళ్లం. ఎవరైనా వేలెత్తి చూపగానే చనిపోయిన ముస్లింల జాబితా చదివేవాళ్లం. ఇప్పుడు అది సిగ్గనిపిస్తోంది. ఆగ్‌వాలా దేశభక్తి చూపడానికి పొయ్యి ముందు నిలబడలేదు, ఇంట్లో పొయ్యి వెలగాలని నిలబడ్డాడు. ఆ యుద్ధం వాడిది కాదు, ఆ రాజ్యమూ వాడిది కాదు. చెమట ఒక్కటే వాడిది.

వాడి చావును మా యోగ్యతా పత్రంగా వాడుకునే హక్కు మాకు లేదు. ఆ పత్రం అడిగే హక్కు ఎవరికీ లేదు. కాలువ మీద లస్కరు తూము ఎత్తితే నీళ్లు అందరి పొలాలకూ పోతాయి. ఆ పేరు ఎక్కడిదని ఏ రైతూ అడగలేదు. మేం కోరేదీ అంతే.