రెండు చీటీలు - ఒక రోగి

అనంతపురము పీఠభూమిలో సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. వేరుసెనగ ఎండిన యేడు పల్లెజనులు బెంగుళూరునకు కూలికి పోవుదురు. అక్కడ ఒక వైద్యుడు, ఇంటికి వచ్చినపిదప మరొక వైద్యుడు మందులు వ్రాయుదురు. ఒకరి చీటీని ఇంకొకరు చూడకున్న నేమగును? రిఫాంపిసిన్ చరిత్ర దీనికి సమాధానము చెప్పును.

1957లో ఫ్రాన్సునుండి తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవిని మిలాన్ నగరమందలి లెపెటిట్ పరిశోధకులు కనుగొనిరి. అది పుట్టించు పదార్థమును సంస్కరించి రిఫాంపిసిన్‌ను సాధించిరి. 1968లో వాడుకకు వచ్చిన యీ మందు తోడ్పాటుతో క్షయ చికిత్స క్రమముగా ఆరునెలలకు తగ్గెను. కాని 1971లోనే జర్మనీలో ఒక వింత బయటపడెను. రిఫాంపిసిన్ తీసికొను స్త్రీలకు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకుండెను. కారణము కాలేయములో నున్నది. ఈ మందు అక్కడి ఎంజైములను పెంచును. అవి ఇతర ఔషధములను త్వరగా విరిచివేయును. తూము తెరచిన చెరువులో నీరు నిలువనట్లే, ఆ ఔషధములు రక్తములో నిలువవు.

1969లో అనంతపురము వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు బత్తలపల్లిలో ఆసుపత్రి ఏర్పడెను. హెచ్.ఐ.వి.తో క్షయ కూడిన రోగుల చికిత్సానుభవమును అచ్చటి వైద్యులు పరిశోధన పత్రములుగా ప్రకటించిరి. దేశమున 2004 ఏప్రిల్‌లో ఉచిత హెచ్.ఐ.వి. చికిత్స ఆరంభమైనపుడు నెవిరాపిన్ ముఖ్యమైన మందు. రిఫాంపిసిన్ దాని బలమును తగ్గించును. మందు చాలనిచో వైరసు దానికి లొంగని శక్తిని సంపాదించును. అందుచే క్షయ రోగులకు ఎఫావిరెంజ్ ఇచ్చిరి. తరువాత వచ్చిన డాల్యుటెగ్రావిర్‌ను సాధారణముగా రోజుకు 50 మిల్లీగ్రాములు ఒకమారు ఇత్తురు. రిఫాంపిసిన్ తోడైనచో రెండుమార్లు. క్షయ మందు ఆపినను దాని ప్రభావము సుమారు రెండు వారములుండును గనుక అంతవరకు రెండవ మాత్రను మానరాదు.

కావున రోగి చేరునపుడు, వార్డు మారునపుడు, ఇంటికి పోవునపుడు అతడు తినుచున్న మందులన్నిటిని, నాటుమందులతో సహా, వ్రాసికొని కొత్త చీటీతో సరిచూడవలెను. ఏది నిలుపవలెనో, ఏది మార్చవలెనో నిర్ణయించి, కారణము వ్రాసి, ఆ పట్టికను రోగి చేతికీయవలెను. 2008లో దేశమున ఆరంభమైన ఫార్మ్.డి. విద్య ఇట్టి పనికి తగినవారిని తయారుచేయుచున్నది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులవలని హానిని తగ్గించుటకు ఉద్యమము నారంభించెను.

ఈ పనికి ఖరీదైన యంత్ర మక్కరలేదు. పాత చీటీలను పారవేయక సంచిలో తెచ్చు రోగియు, ఆ సంచిని విప్పి చూచు ఓపికగల ఉద్యోగియు నున్న చాలును.